బేరానికి రాని మేడమ్

పుంగనూరులో మాది స్టీలు సామాన్ల అంగడి. మా నాయన ఇత్తడి అమ్మాడు, మా తాత సంతల్లో సత్తుగిన్నెలు అమ్మాడు. మా ఇంట్లో పిల్లలకు మాటలూ బేరమూ ఒకేసారి వస్తాయి. అలాంటి వంశంలో కూడా నేను ఆడినంత గొప్ప బేరం ఎవరూ ఆడలేదని ధైర్యంగా చెప్పగలను. బెంగుళూరులోని ఒక ల్యాబు వాళ్ళు జన్యుపరీక్షకు బిడ్డదీ తల్లిదీ తండ్రిదీ, ముగ్గురి రక్తమూ కావాలన్నారు. నేను ఒక్కరిదానితో సరిపెట్టించాను. చెప్పిన రేటులో సగం కూడా కట్టలేదు.

ఎలా కుదిర్చానో కూడా చెబుతాను. రక్తం తీసుకుపోవడానికి వచ్చిన ఏజెంటు ఆస్పత్రి వరండాలో నిలబడి, "మీరిద్దరూ ఇస్తేనే రిపోర్టు గట్టిగా వస్తాది సార్" అన్నాడు.

"నా పెండ్లాం యెవరనుకుంటాండావప్పా? సొంత మేనమామ కూతురు. మా ఇద్దరిదీ ఒకే రక్తం. ఒకే సరుకుని మూడుసార్లు యాల తూకమేయాల?" అన్నాను.

అతను నవ్వాడు. నవ్వినవాడు దిగుతాడని మా నాయన నాకు నేర్పిన మొదటి పాఠం. దిగాడు. పక్కన బెంచీ మీద మా బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నా భార్య మాత్రం నవ్వలేదు.

అప్పటికే వాడికి మెడ నిలవడం లేదు. గోడ పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు, మొదటి పుట్టినరోజు దాటాక ఒక్కొక్కటే మరిచిపోతూ వచ్చాడు. నిలబడడం మరిచాడు, కూర్చోవడం మరిచాడు, చివరికి మింగడం మరిచాడు. రిపోర్టు రాకముందే పోయాడు.

ఆ తర్వాత వచ్చిన రిపోర్టులో, ఒక జన్యువులో ఒక్క అక్షరం మారిందనీ, తల్లి నుంచి వచ్చినదానిలోనూ తండ్రి నుంచి వచ్చినదానిలోనూ అదే మార్పు ఉన్నట్టు కనిపిస్తోందనీ ఉంది. అది జబ్బుకు కారణమా కాదా అన్నచోట "ఇంకా తేలలేదు" అని ఉంది. మదనపల్లెలో పిల్లల డాక్టరు ఆ కాగితాన్ని ఇటూ అటూ తిప్పి, "దీన్ని నాకంటే బాగా చదివే మనిషి ఒకరుండారు. డాక్టరు కాదు. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనారు. పోయి కలవండి" అన్నాడు.

ఆ మేడమ్ పోయిన నెల పోయారు. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. మాకోసం చేసిన పని గురించి డాక్టరు ఒక వైద్యపత్రికకు వ్యాసం రాసి, అందులో ఆమె పేరు చేరుస్తానంటే ఒప్పుకోలేదు. బతికుండగా నెగ్గలేని బేరాన్ని ఆమె లేనప్పుడు నెగ్గడం నాకు ఇష్టం లేదు.

*

మదనపల్లెలో ఒక ఇరుకు సందులో, మేడ మీద ఆమె ఇల్లు. కిటికీ కింద నుంచి టమోటా లారీలు పోతూ ఉంటే బల్ల మీది చెంబులో నీళ్ళు వణికేవి. అన్నం తినే ఆ బల్ల మీదే లాప్‌టాప్ ఉండేది. మొదటిసారి పోయినప్పుడు రిపోర్టు తీసుకుని చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టారు. ఆమె ఏ కాగితాన్నైనా అట్లాగే చదివేవారని తర్వాత తెలిసింది. కరెంటు బిల్లును కూడా వెనకవైపు తిప్పి చదివి, తర్వాత ముందువైపు చూసేవారు.

"ముందే చెప్తా ఉండాను. నేను డాక్టర్ని కాదు. మందు చెప్పను, ధైర్యం కూడా చెప్పను. లోకంలో ఉండే ల్యాబులు తాము చూసిన ఇట్లాంటి మార్పుల్ని, వాటి గురించి తాము ఏమనుకుంటా ఉండారో, ఒకచోట పెడతాయి. అది ఎవరికైనా తెరిచిన చోటే. దాన్ని అడుగుతా. అది చెప్పింది మీకు చదివి చెప్తా. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు."

నేను మనిషిని చూసి మాట కలపడం తెలిసినవాణ్ణి. కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాను.

"సుమారుగా చెప్పండి మేడమ్. ఈ మార్పే కారణమయ్యేది రూపాయికి ఎంత? ఎనిమిదణాలుంటుందా?"

"తెలీదు."

"పోనీ, ఆరణాలు?"

"తెలీదప్పా."

"నాలుగణాలకైనా ఒక మాట..."

ఆమె లాప్‌టాప్‌ను నావైపు తిప్పి, ఎన్, ఏ అని రెండు అక్షరాలు కొట్టారు. "ఇది చూడు. దీన్ని ఎన్ఏ అంటారు. సున్నా కాదు ఇది. సున్నా అంటే, లేదని తెలుసు. ఎన్ఏ అంటే, ఉండాదో లేదో తెలీదు. ఇప్పుడు దీనికి పది కలుపుతా." కలిపారు. మళ్ళీ ఎన్ఏ అనే వచ్చింది. "లక్ష కలుపుతా." మళ్ళీ అదే. "తెలీనిదానికి నువ్వు ఎన్ని అణాలు కలిపినా అది తెలీనిదే."

"మా అంగట్లో తెలీని సరుక్కి కూడా రేటు కడతాం మేడమ్."

"అందుకే గదా, నువ్వు అంగడి పెట్టుకున్నావు, నేను పెట్టుకోలే."

అప్పటిదాకా గోడ పక్కన కూర్చున్న నా భార్య నోరు తెరిచింది. "అదే కారణమని తేలితే, ఇంకో బిడ్డ కడుపులో ఉండంగానే చూడొచ్చంట మేడమ్. తేలకపోతే ఏమి చూడాలో వాళ్ళకే తెలీదంట. తేలేదాకా నేను కనను. ఇంట్లో అందరూ ఇంకొకర్ని కంటే మరిచిపోతావంటాండారు. నేను మరిచిపోను, కనను కూడా."

మేడమ్ ఆమె మొహంలోకి కాసేపు చూశారు. అయ్యో అనలేదు. "ముందు మీ ఇద్దరి రక్తం పరీక్ష చేయించుకోండి. ప్రతి నెలా మొదటి సోమవారం రండి. ఆ చోట రాసింది మారతా ఉంటాది" అన్నారు.

*

స్టాటిస్టిక్స్ వాళ్ళు లెక్కలు చేయడానికి వాడే కంప్యూటరు భాష ఒకటుంది. దాని పేరు ఆర్. ఒక్క అక్షరమే పేరు. మేడమ్ అందులోంచే, ల్యాబులు రాసిపెట్టే ఆ డేటాబేసును అడిగేవారు. రెండు వేళ్ళతో కొట్టేవారు. కొట్టే ప్రతి లైనునూ, అది ఇంగ్లీషులో ఎట్లా ఉన్నా, పైకి తెలుగులో చెప్పుకునేవారు.

"సంచీ తీసుకో. తలుపు తట్టు. మనమెవరో చెప్పు. ఫలానా జన్యువు, ఫలానా చోటు, ఫలానా అక్షరం, ఏమన్నా ఉండాదా అని అడుగు. ఆగు. తెచ్చుకో. ఎన్నొచ్చినాయో చూడు. తలుపు మూసి రా."

ఈ "ఆగు" అన్నది నిజంగానే ఒక లైను. అక్కడికి రాగానే కంప్యూటరు కాసేపు ఊరకే ఉంటుంది. చెడిపోయిందేమోననుకుని నేను అడిగాను.

"చెడిపోలే. ఆ చోటు ఊరికే ఇస్తా ఉండాది అందరికీ. ఊరికే ఇచ్చేచోట ఒకేసారి మీదపడి అడగకూడదు, కొంచెం ఎడమిచ్చి అడగండని వాళ్ళే రాసిపెట్టినారు."

ఊరికే ఇచ్చేచోట ముందువాడి వీపు మీద చెయ్యేసి తోయడమే నాకు తెలిసిన పద్ధతి. అది చెబితే ఆమె ఏమనేవారో గానీ, చెప్పలేదు.

తలుపు మూయడం, అంటే ఆ చోటుతో పెట్టుకున్న కనెక్షన్ తీసెయ్యడం గురించి ఆమెకు ఇంకా పట్టింపు. ఒకసారి అడగడం సగంలో ఉండగా కరెంటు పోయి, లాప్‌టాప్ బ్యాటరీ కూడా చచ్చిపోయింది. కరెంటు వచ్చేదాకా ఆమె మాతో సరిగ్గా మాట్లాడలేదు. ఎవరింట్లోనో కొళాయి తిప్పి వదిలేసి వచ్చిన మనిషిలా ఉన్నారు. పని అయిపోయాక రెండు చేతులూ దులుపుకునేవారు. చాక్‌పీసు వదిలిపెట్టి ఏళ్ళైనా ఆ దులపడం పోలేదు.

మొదటి సోమవారం ఆమె "ఎన్నొచ్చినాయో చూడు" అని, చూసి, "ఒకటి" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. "దొరికిందా!"

ఆమె ఆ లైనును కొసదాకా చదివి, అద్దాలు తీసి, "కూర్చోప్పా" అన్నారు. "ఇది మీదే. మీ ల్యాబువాళ్ళు పెట్టింది. మీ బిడ్డ రక్తంలో చూసిందే. లోకమంతా అడిగితే వచ్చింది మీవాడొక్కడే."

నా భార్య లేచి బల్ల దగ్గరికి వచ్చింది. "ఏది మేడమ్?"

ఆమె చూపించారు. పేరు లేదు, ఊరు లేదు. ఒక జన్యువు పేరు, ఒక పొడుగాటి నంబరు, మారిన అక్షరం, దాని పక్కన తేలలేదన్న ఆ మాట. నా భార్య ఇంటర్ దాకా చదివింది. ఆ లైను కింద వేలు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమే లోపల చదువుకుంది. తెరకు వేలు తగలకుండా చూసుకుంది.

ఆ తర్వాత ఏ నెలా తప్పలేదు. జ్వరంలో కూడా వచ్చింది. జవాబు కోసమే వస్తోందని నేననుకున్నాను. ఒకసారి తిరుగు బస్సులో ఆమే చెప్పింది. "ఇంట్లో వాని ఫోటో అత్త బీరువాలో పెట్టేసింది గదా బావా. ఈడికొస్తే వాణ్ణి చూసినట్టుంటాది."

మేడమ్‌కు ఈ సంగతి ఎవరు చెప్పారో తెలియదు, ఎవరూ చెప్పి ఉండరు. మేం పోయేసరికే తన కుర్చీ పక్కకు జరిపి, నా భార్య కుర్చీ తెరకు ఎదురుగా వేసి ఉంచేవారు. లైను రాగానే అక్షరాలు పెద్దవి చేసి, తాను టీ పెట్టడానికి లోపలికి పోయేవారు.

*

ఆమె ఒకసారి పుంగనూరులో మా అంగడికి వచ్చారు, కుక్కరు కొనడానికి. "ధర చెప్పు" అన్నారు. అందరికీ చెప్పినట్టే, తగ్గించడానికి చోటు ఉంచుకుని చెప్పాను. "సరే" అని సంచీలోంచి డబ్బు తీశారు.

మూడు తరాల్లో మా గల్లాపెట్టె ముందు అట్లా ఎవరూ చేయలేదు. "అది కాదు మేడమ్, మీకు తగ్గిస్తా" అన్నాను.

"మరి ముందు చెప్పిందేమి?"

"అది... ముందు చెప్పే ధర మేడమ్."

"ఇప్పుడు చెప్పబోయేది?"

"ఇది రెండోసారి చెప్పేది."

"మూడోసారి చెప్పేదేదో అదే చెప్పప్పా. నాకు బస్సుకు టైమైంది."

గిన్నెలు చూస్తున్న ఆడవాళ్ళు ఇద్దరు చేతిలోవి కింద పెట్టి మరీ వింటున్నారు. నేను అసలు ధర చెప్పాను. వాళ్ళిద్దరూ ఆ రోజు నన్ను బతకనివ్వలేదు. ఆమె మాత్రం కుక్కరు చంకన పెట్టుకుని, ఏమీ జరగనట్టు బస్టాండు వైపు పోయారు.

ఆమె దగ్గరికి పాత శిష్యులు లెక్కలు చూపించుకోవడానికి వచ్చేవారు. ఒకాయన కొన్ని గళ్ళలో అంకెలు దొరకక, పక్కగళ్ళలోవాటికి దగ్గరగా ఏవో వేసుకొచ్చాడు. ఆమె కాగితాలు తిరిగి అతని చేతిలో పెట్టి, "ఖాళీని ఖాళీగా వదిలేదానికి నీకేం రోగం?" అన్నారు. ఆయన నాకంటే పెద్దవాడు, ఎక్కడో ఆఫీసరు. తల వంచుకుని మెట్లు దిగిపోయాడు.

నెలలు గడిచాయి. ప్రతిసారీ ఆ ఒక్క లైనే, ఆ ఒక్క మాటే. మీ ఇద్దరి రక్తం సంగతేమైందని ఆమె అడిగినప్పుడల్లా, "చూద్దాం మేడమ్, ఈలోపు అదే ఏదైనా చెప్పొచ్చు గదా" అని దాటేశాను. ఊరికే చెప్పే చోటు ఉండగా డబ్బెందుకు పోయడమని నా భార్యకు చెప్పాను. నిజానికి అది డబ్బు కాదు. నా రక్తంలో ఉందని కాగితం మీద చూడడానికి నాకు ధైర్యం లేదు. చివరికి ఒక ఉదయం అంగడి తెరవకముందే నా భార్య చీర మార్చుకుని వచ్చి, "నువ్వు రాకపోయినా నేను పోతాండా" అంది. ఇద్దరం పోయాం. ల్యాబువాళ్ళు చెప్పిన రేటు నోరెత్తకుండా కట్టాను.

ఇద్దరిలోనూ ఆ మార్పు ఉంది. ఒక్కొక్కరిలో ఒక్కొక్కటి. ఇదే కారణమైతే, ఒకవైపు నుంచే వస్తే ఏమీ కాదట, రెండువైపుల నుంచీ వస్తేనే జబ్బట.

"ఇది కొంచెం బలం. చాలదు" అన్నారు మేడమ్. "మీకు చుట్టరికం లేని ఇంకో ఇల్లు కావాల. ఇదే జబ్బు, ఇదే మార్పు."

*

ఆ ఇల్లు దొరికింది పిల్లల డాక్టరు ద్వారానే. రామకుప్పం దగ్గర ఒక రైతు దంపతులు. ఇద్దరు బిడ్డలు మావాడిలాగే పోయారు. రెండో బిడ్డ రక్తపు చుక్కలు అట్టముక్క మీద ఆరబెట్టినవి కుప్పంలో ఆస్పత్రిలోనే ఉన్నాయి. పరీక్షకు పంపాలంటే తల్లిదండ్రులు ఒప్పుకుని సంతకం చేయాలి, వాళ్ళ రక్తం కూడా ఇవ్వాలి. డాక్టరు అడిగితే వాళ్ళు ఔననలేదు, కాదనలేదు. మనుషుల్ని రమ్మన్నారు. మేడమూ, నా భార్యా, నేనూ పలమనేరులో ఒక బస్సు, వి.కోటలో ఒక బస్సు మారి పోయాం.

మేం పోయేసరికి రైతు చేని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కోతకు వచ్చిన రాగి పైరు ఏనుగుల కాళ్ళ కింద నలిగి నేలకు అతుక్కుని ఉంది. మమ్మల్ని ఇంటికి తీసుకుపోయి మంచం వాల్చాడు గానీ, మాట మాత్రం కటువుగానే ఉంది.

"ఏనుగులొచ్చి పోయినాక ఫోటోలు తీసుకోను వస్తారు. బిడ్డలు పోయినాక రక్తం తీసుకోను వస్తాండారు. బాగుండాదప్పా మీ పని."

నేను సర్దుకుని కూర్చున్నాను. "అట్లనుకోవద్దు అన్నా. ఇది పెద్దపని. రేపు సర్కారు నుంచి ఏమన్నా సాయం..."

"రాదు," అన్నారు మేడమ్. "ఏమీ రాదప్పా. అతను ఊరికే అంటాండాడు. పోయిన బిడ్డలు రారు, డబ్బు రాదు. మీ ఇంట్లో ఇట్ల యాల జరిగిందో తెలియొచ్చు. అదీ ఖాయం కాదు."

సరుకు అమ్మడానికి వచ్చి, సరుకులో ఉన్న సొట్టలన్నీ తానే వేలుపెట్టి చూపించే మనిషిని నేనెక్కడా చూడలేదు.

అప్పుడు రైతు అసలు సంగతి చెప్పాడు. అతను చేసుకున్నది మేనమామ కూతుర్నే. ఇప్పుడు అతని చెల్లెల్ని, అతని భార్య తమ్ముడికి ఇస్తున్నారు. కుండమార్పు సంబంధం. మాటలైపోయాయి. "ఇప్పుడు మా రక్తంలో ఏదో ఉండాదని తేలితే, ఆ పెండ్లి సంగతేమి?"

"వాళ్ళిద్దరూ కూడా చూపించుకోవాల. ఇద్దరికీ ఉంటే ఆలోచన చేసుకోవాల."

"ఆగిపోతాదా?"

"ఆగిపోవచ్చు" అన్నారు ఆమె.

అతను లేచాడు. "అయితే పోయిరాండి."

నేను కూడా లేచాను. ఇంకో మాట అనడానికి చోటు లేదని నాకు తెలుసు. కానీ నా భార్య లేవలేదు. గడప దగ్గర ఆ ఇంటావిడ పక్కన కూర్చుని ఉంది. అప్పటిదాకా వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నట్టు కూడా లేదు.

"మావాడు ఒక్కడే ఉండాడమ్మా ఆడ" అంది నా భార్య.

"యాడ?"

"మేడమ్ కంప్యూటర్లో అడుగుతారు. లోకంలో ఇట్లాంటోళ్ళు ఎవరన్నా ఉండారా అని. ప్రతి నెలా అడుగుతారు. వాడొక్కడే వస్తాడు. ఏడాదికి పైనే అయింది. ఒక్కడే."

"పేరుంటాదా?"

"పేరుండదు. నాకు తెలుసు గదా వాడేనని."

ఆ ఇంటావిడ చీర కొంగుతో మోకాలి మీది దుమ్ము తుడుచుకుంది. ఎవరివైపూ చూడలేదు. లేచి లోపలికి పోయింది. అంతే అనుకున్నాం. చెప్పులేసుకుని, తలుపు గొళ్ళెం చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. "రక్తమియ్యను యాడికి పోవాల?" అని మేడమ్‌ను అడిగింది.

"కుప్పం."

"పోదాం రా," అంది మొగుడితో.

"నీ తమ్ముడే గదా, మే, రేపు అడిగేది," అన్నాడతను.

"అడగనీ."

అతను చేనివైపు ఒకసారి చూసి, తువ్వాలు భుజాన వేసుకుని వెనకే నడిచాడు. కుప్పం ఆస్పత్రిలో సంతకం పెట్టేముందు ఆ కాగితాన్ని మేడమ్ అతనికి చివరి పేజీ నుంచి చదివి చెప్పారు. వద్దనుకుంటే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చన్న మాటను రెండుసార్లు చెప్పారు. నేను పెన్ను మూత తీసి అతని చేతికి దగ్గరగా పట్టుకున్నాను.

*

ఆ తర్వాత ఒక సోమవారం మేడమ్ "ఎన్నొచ్చినాయో చూడు" అని, చూసి, మళ్ళీ అడిగారు. కంప్యూటరు ఆగి, తెచ్చింది. "రెండు" అన్నారు.

మాట కూడా మారింది. ఆమె దాన్ని ఒక్కసారే చదివారు. "జబ్బుకు ఇదే కారణమయ్యే అవకాశం చాలా ఎక్కువ. ఇట్ల రాసినారంటే, ఇంక కడుపులో బిడ్డకు చూస్తారు. మీ డాక్టర్ని కలవండి."

నా భార్య తెర దగ్గరికి వంగింది. "రెండోది వాళ్ళ బిడ్డేనా?"

"అవును."

"ఇప్పుడు ఇద్దరుండారు" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది.

మేమిద్దరమే మిగిలాం. ఎన్నాళ్ళుగానో నోట్లో ఉన్న ప్రశ్న అప్పుడు అడిగాను. "మొదటే ముగ్గురి రక్తమూ ఇచ్చుంటే ఏమయ్యేది మేడమ్?"

"బిడ్డ బతికేవాడు కాదు. దాంట్లో నీ బేరం లేదు." లాప్‌టాప్ మూత దించారు. "ఈ పని మాత్రం ఏడాది ముందే మొదలయ్యేది. అది నీ బేరమే. ఆమె ఏడాది ఊరికే కూర్చునింది."

"ఏడాది పూర్తిగా కాదేమో మేడమ్. ఒక ఆర్నెల్లు వేసుకోవచ్చేమో."

నోట్లోంచి వచ్చేసింది. పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుంది! ఆమె కోప్పడలేదు. నా మొహంలోకి చూసి, "ఏడాదప్పా" అన్నారు.

ఆ మాట తర్వాత ఇంక నేను ఆమెతో ఏ బేరమూ ఆడలేదు.

ఆ ఏడే ఆమెకు ఒంట్లో బాగలేకుండా పోయింది. ఓపిక ఉన్నరోజుల్లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ లైన్లు నేర్పించారు. పెన్‌డ్రైవులో వేసివ్వండి మేడమ్, సులువుగా ఉంటుందంటే వినలేదు. "వేసిస్తే ఏ లైను యాల ఉండాదో నీకు తెలీదు. కొట్టు." నేను కొట్టేవాణ్ణి, ఆమె కళ్ళు మూసుకుని తెలుగులో చెప్పేవారు. నేను మొదటిసారి సొంతంగా అడిగి రెండు లైన్లు తెచ్చుకున్న రోజు, "తలుపు?" అన్నారు కళ్ళు తెరవకుండానే. నేను మూయలేదు. మూశాను.

ఆస్పత్రిలో చివరిసారి చూశాను. మనిషి మంచంలో సగమే ఉన్నారు. ఏదో ఒకటి అనాలి గదా అని, "తగ్గిపోతుంది మేడమ్" అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

నేను దుప్పటి అంచు సర్దబోయాను.

"తెలీనప్పుడు ఊరికే కూర్చోని పోవచ్చప్పా. ఏదో ఒకటి చెప్పాల్సిన పనిలే."

కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. ఎదుట మనిషి ఉండగా నోరు మూసుకుని కూర్చోవడం నాకు అదే మొదలు. కష్టంగా ఉంటుందనుకున్నాను గానీ, లేదు. నర్సు వచ్చి టైమైందంటే లేచాను. ఆమె చెయ్యి కొంచెం ఎత్తి, రెండు వేళ్ళు ఆడించారు. పోయిరా అనో, ఇంకేమనో తెలియదు.

*

నా భార్యకు ఇప్పుడు నెలలు నడుస్తున్నాయి. కడుపులోని బిడ్డకు చేసిన పరీక్ష ఫలితం మేడమ్ పోయిన తర్వాత వచ్చింది. మార్పు ఒక్కవైపు నుంచే వచ్చింది, మా ఇద్దరికీ ఉన్నట్టే. జబ్బు రాదు. ఆ కాగితాన్ని నేను చివరి పేజీ నుంచి చదివాను.

ఈ మాట చెప్పడానికి రామకుప్పం రైతుకు ఫోన్ చేశాను. "మంచిదప్పా. శానా మంచిది" అన్నాడు. చెల్లెలి పెళ్ళి సంగతి అడిగాను. చెల్లెలికి పరీక్ష చేస్తే ఉందని తేలిందట. బావమరిది పరీక్షకు రానన్నాడట. నా రక్తంలో తప్పు పట్టేదానికి నువ్వెవరని అక్కనే నిలదీశాడట. పెళ్ళి ఆగిపోయింది. "అప్పటినుంచి తమ్ముడు మా గడప తొక్కలే. ఈమె ఫోన్ చేస్తే ఎత్తడు. నిన్న గూడా చేసింది" అన్నాడు. వెనక ఎక్కడో ఆమె పాత్రలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తూ ఉంది. తర్వాత అతనే, "ఆయమ్మ మాకు ముందే సెప్పింది గదప్పా, ఆగిపోవచ్చునని" అన్నాడు.

ఇక బిల్లు. మాకు వచ్చింది, పుట్టబోయే బిడ్డకు భయం లేదన్న ఒక జవాబు. దానికి పోయినవి: మా ఇంట్లో ఒక బిడ్డ, రామకుప్పంలో ఇద్దరు. వాళ్ళు దీనికోసం పోలేదు, పోయాక పనికొచ్చారు, అయినా ఈ బిల్లులో వాళ్ళను రాయకుండా వదలలేను. ఒక ఆడపిల్లకు కుదిరిన పెళ్ళి. ఒక అక్కకు తమ్ముడు. నా భార్యకు ఒక ఏడాది, పూర్తిగా. మేడమ్ కూర్చున్న సోమవారాలు. ఇన్నింటిలో నేను కట్టింది బస్సు టికెట్లూ ల్యాబు ఖర్చూ మాత్రమే. మిగతాదంతా వేరేవాళ్ళు కట్టారు, వస్తువు మా ఇంటికి వచ్చింది.

తగ్గింపు లేదు.